తాళం తిప్పి ఆపాక వచ్చే అదురు

హిందూపురం ప్రభుత్వ వాహనాల వర్క్‌షాపుకు నన్ను ఫోర్‌మన్‌గా వేసింది ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు, మార్చి నెలాఖరులో. సంచార వైద్య వాహనాలు, అధికారుల జీపులు, నీళ్ల ట్యాంకర్లు అన్నీ మా దగ్గరికే మరమ్మతుకు వచ్చేవి. ఇద్దరు ఫోర్‌మన్లు ఉండాల్సిన చోట నేనొక్కణ్ణే ఉన్నాను. రెండో పోస్టు త్వరలో భర్తీ అవుతుందని నేను రిటైరయ్యేదాకా చెబుతూనే ఉన్నారు.

ఆ వేసవిలోనే పెనుకొండ నుంచి ఒక పాత డీజిల్ వ్యాను వచ్చింది. నర్సుతో, మందులతో నల్లమాడ, ఆమడగూరు వైపు ఊళ్లు తిరిగే బండి. నడుస్తున్నంతసేపు బాగానే ఉంటుంది. తాళం తిప్పి ఇంజను ఆపగానే మాత్రం రెండు మూడు సార్లు గట్టిగా అదిరి ఆగుతుంది. ఆ అదురుకు వెనక అలమరలోని మందు సీసాలు పడి పగిలేవి. ఒక రోజు చుక్కల మందు ట్రే మొత్తం పోయి, ఆ ఊళ్లో క్యాంపు రద్దయింది. నర్సు పైకి ఫిర్యాదు రాసింది. పైనుంచి మాకు కాగితం వచ్చింది.

డీజిల్ ఇంజను ఆగేటప్పుడు కొంత అదరడం సహజమే. సిలిండర్లలో నొక్కుకున్న గాలి, తిరగడం ఆగే క్షణంలో ఇంజనును అటూ ఇటూ తోస్తుంది. ఆ తోపు బండికి తగలకుండా ఇంజను కింద రబ్బరు మౌంటింగులు ఉంటాయి. మొదట అవే చూశాను. ఒకటి పగిలి ఉంది. అన్నీ మార్పించాను. నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి, అదురు మళ్లీ వచ్చింది.

తర్వాత ఫ్లైవీల్‌ను అనుమానించాను. ఆ రకం వ్యాన్లలో అది రెండు పళ్లేలుగా, మధ్యలో స్ప్రింగులతో ఉంటుంది. ఎప్పుడూ క్లచ్ మీద సగం కాలు పెట్టి నడిపితే తొందరగా పాడవుతుంది. దాన్ని చూడాలంటే గేర్‌బాక్సు దించాలి. అందుకు డివిజనల్ ఇంజనీరు అనుమతి కావాలి, అనుమతికి నా ఇన్‌స్పెక్షన్ రిపోర్టు కావాలి. రిపోర్టులో లోపం, కారణం, సిఫారసు అని మూడు గడులు ఉంటాయి. కారణం గడి ఖాళీగా ఉంటే ఫైలు వెనక్కి వస్తుంది. ఆ మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద వేడికి తల తిరుగుతోంది. బయట ఇంకా బండ్లు వరుసలో ఉన్నాయి. ‘డ్రైవరుకు ఉన్న హాఫ్ క్లచ్ అలవాటు వల్ల’ అని రాసి సంతకం పెట్టాను.

ఆ డ్రైవరు మస్తాన్. పెనుకొండ మనిషి, నలభై అయిదేళ్లుంటాయి. ఏజెన్సీ ద్వారా కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. నేను బండి చూసిన రోజు గేటు దగ్గర బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చున్నాడు. నేను పిలవలేదు. రిపోర్టు పైకి వెళ్లిన వారానికి అతన్ని తీసేశారు.

అనుమతి రావడానికి నెల పట్టింది. గేర్‌బాక్సు దించి చూస్తే ఫ్లైవీల్ బాగుంది. చేత్తో తిప్పి చూశాను, ఉండాల్సినంత వదులే ఉంది. క్లచ్ ప్లేటు సగానికి పైగా మిగిలి ఉంది. హాఫ్ క్లచ్‌తో నడిపే మనిషి చేతిలో ప్లేటు అలా ఉండదు. మెకానిక్కులు నా వైపు చూడకుండా పనిముట్లు తుడుచుకుంటూ నిలబడ్డారు.

మస్తాన్ ధర్మవరంలో పట్టునూలు మోసే చిన్న ట్రక్కు నడుపుతున్నాడని తెలిసి, ఆదివారం వెళ్లాను. నూలు దుకాణం ముందు దొరికాడు. ఫ్లైవీల్ బాగుందని, నేను రాసింది తప్పని చెప్పాను.

“ఆ అదురు ఎప్పుడు మొదలయిందో గుర్తుండాదా?” అని అడిగాను.

“ఉండాది సార్. ముందు, బండి ఆపితే బానెట్ లోపల టక్కని ఒక సద్దు వస్తాండె. ఆ సద్దు నిలిచిపోయినంక అదురు మొదలాయె.”

“ఈ మాట అప్పుడే చెప్పాల్సింది మస్తాన్.”

“మీరు అడగల్య సార్. పొద్దన్నుంచి ఆడనే కూసోనుంటి.”

ఆ సద్దేమిటో అతను చెబుతుండగానే నాకు అర్థమైంది. ఇంజనులోకి గాలి వెళ్లే దారిలో ఒక చిన్న రేకు తలుపు ఉంటుంది. ఇంజను ఆపగానే అది మూసుకుంటుంది. లోపల నొక్కడానికి గాలి లేక ఇంజను మెత్తగా ఆగుతుంది. మర్నాడు చూస్తే, ఆ తలుపును లాగే వాక్యూమ్ గొట్టం, వేలెడంత రబ్బరు ముక్క, వేడికి చీలిపోయి ఉంది. తలుపు తెరుచుకునే ఉండిపోయింది. గొట్టం మార్చి, తలుపుకు పట్టిన మసి తుడిచి, ఇంజను నడిపి ఆపాను. టక్కని ఆ సద్దు వచ్చి, ఇంజను మెత్తగా ఆగింది. అలమరలో సీసా కదల్లేదు.

రెండో రిపోర్టు రాస్తానంటే డివిజనల్ ఇంజనీరు వద్దన్నారు. బండి బాగయింది కదా, మొదటిది తప్పని నీ చేత్తో నువ్వే రాసుకోవడం దేనికి, రిటైరయ్యే ముందు మెమో తెచ్చుకుంటావా అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, ఆయనా అలసిపోయిన మనిషే. నేను రాశాను. మెమో వచ్చింది. సంజాయిషీ ఇచ్చాను. నా సర్వీసు పుస్తకంలో మందలింపు ఎక్కింది.

మస్తాన్ స్థానంలో ఏజెన్సీ అప్పటికే ఇంకొకరిని పెట్టుకుంది. అతన్ని మళ్లీ తీసుకోలేమన్నారు. ఆ సంగతి చెప్పడానికి మళ్లీ ధర్మవరం వెళ్లాను.

“ఇప్పుడు బండి నడిపే ఆయప్పకూ పిల్లోళ్లు ఉండారు కదా సార్. తీసెయ్యండని నేనెట్ల అడగాల?” అన్నాడు. “ఆ రెండో కాగితం నకలు ఒకటి ఇయ్యండి. యాడ పనికి పోయినా బండి చెరిపినోడంటాండారు.”

నకలు నా వెంటే తెచ్చుకున్నాను. అక్కడే సంతకం పెట్టి ఇచ్చాను. నిలబడే రెండుసార్లు చదివి, మడిచి లైసెన్సు కవరులో పెట్టుకున్నాడు. సరుకు ఎక్కించడం అయిపోయిందని దుకాణం వాళ్లు పిలిస్తే వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మిగిలిన సర్వీసులో, బండి తెచ్చిన డ్రైవరు చెప్పింది ముందు విని, అతని మాటల్లోనే జాబ్ కార్డు మొదటి వరసలో రాసుకున్నాను. విప్పి చూడని భాగమైతే, కారణం గడిలో ‘ఇంకా తెలియదు’ అని రాశాను. అలాంటి ఫైళ్లు చాలా వెనక్కి వచ్చాయి. మళ్లీ అదే రాసి పంపాను.