సోమశిల తొవ్వల దూపగొన్న గీర

మా చిన్నప్పుడు... ఎండకాలంల ఎడ్లబండి కట్టాల్నంటే, ముందు రోజే మా బాపు రెండు గీరలు ఊడదీసి బాయికాడి కాలువల పండవెట్టేది. గీరలంటే బండి చక్రాలే. ఎండకు కట్టె ఎండి దగ్గరికొస్తది, దాని మీది ఇనుప పట్టా వదులైతది. తొవ్వల పట్టా ఊడిందనుకో... బండి బోర్లవడుడే.

గా యేడు గీరలు నానుతుంటే నేను కాలువ గట్టు మీదనే కూసున్న. "బాపూ, నిండ మునిగినయా?" అని పదిసార్లు అడిగి ఉంట. నాకు తొమ్మిదేండ్లు. ఫికరు పుట్టుకతోనే వచ్చింది నాకు... మా అన్న నన్ను "ఫికర్ల ముసల్దానా" అని పిలిచేటోడు. ఇది రాసుకుంట గూడ రెండుసార్లు లేచి గ్యాస్ బంద్ చేసిన్నా లేదా అని జూసొచ్చిన.

గది ఊకె పోయే పయనం కాదు. మా అమ్మ ఎన్నడు కృష్ణను జూడలే. మాది పాలమూరు దిక్కు మెట్ట ఊరు... బాయి నీళ్ళు, చెరువు నీళ్ళు తప్ప పారే నీళ్ళు ఆమె కండ్లవడలే. పెండ్లైన కాడికెల్లి బాపు "వచ్చే ఎండకాలం, వచ్చే ఎండకాలం" అంటనే ఉండె. గా యేడు కోతలైనంక "ఎల్లుండి సోమశిలకు బండి కడుతున్న" అన్నడు. కొల్లాపూర్ అవతల, రెండు దినాల తొవ్వ. అమ్మ సందుగలకెల్లి పండుగ చీర తీసి, మడత విప్పి, మల్ల మడతవెట్టింది.

బండిల గడ్డి, గడ్డి మీద బొంత. జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, ఒక కుండెడు నీళ్ళు. అమ్మ ఒళ్ళె చంటి చెల్లె. ఎనుక నేను, అన్న.

మొదటి దినం నేను నోరు ముయ్యలే. "బాపూ, ఎడమెద్దు కుంటుతాంది"... దిగి జూసిండు, కుంటుతలే. "అమ్మా, తలుపు గొళ్ళెం వెట్టినవా?"... వెట్టింది. "కుండ కారుతాంది"... కారుతలే.

రెండో దినం పొద్దెక్కినంక కుడిపక్క గీర చప్పుడు మారింది. కిర్రు కిర్రుమనేది కాస్త, నడుమ నడుమ టక్కుమనవట్టె.

"బాపూ, పట్టా ఊగుతాంది."

"ఊగేది నీ తలకాయ," అన్నడు అన్న. "ఇగ ఎద్దుకు జరమొచ్చిందంటది, జూడు."

బాపు గూడ ఎనుకకు తిరగలే. "కూసో బిడ్డా. మొన్ననేనాయె నానవెట్టింది."

నాకు కూసోబుద్ధి గాలే. ఎనుకకెల్లి దుంకి గీర పక్కపొంటి నడిసిన. కాళ్ళకు చెప్పుల్లేవు... భూమి పెనం లెక్క కాలుతాంది. గుట్ట దిగుడుకాడ జూద్దునుగద... పట్టా బొటనవేలంత బయటికొచ్చింది. పక్కన నిలువెత్తు లోతు లొద్ది. బండిల అమ్మ, చంటిది.

"బాపూ, ఆపు! ఒట్టు, ఈసారి నిజం!"

బాపు పగ్గాలు గుంజిండు. దిగొచ్చి చెయ్యి వెట్టంగనే పట్టా సగం చేతిలకొచ్చింది. మా అన్న తన చెప్పులు ఇడిసి నా ముందర వెట్టిండు.

బాపు రాయితోని పట్టాను కొట్టి మల్ల ఎక్కిచ్చిండు. సందులల్ల చెక్కముక్కలు దిగ్గొట్టిండు. "కట్టె తడిస్తెనే పట్టుకుంటది. ఈడ బాయి లేదు, కుంట లేదు. ఎనుకటి ఊరు దగ్గర... మెల్లగ మర్లుదాం," అన్నడు, అమ్మ మొఖం జూడకుంట.

అమ్మ చంటిదాన్ని నా చేతికిచ్చింది. కుండ దించింది. చెల్లెకని చెంబెడు పక్కకు వెట్టి, కడమ నీళ్ళన్ని గోనెసంచి మీద గుమ్మరిచ్చి గీరకు సుట్టింది.

"మరి మనకో?" అన్నడు బాపు.

"మనం కృష్ణల తాగుదాం. ముందుగాల గీరకు దూపైతాంది."

ఎండ జర తగ్గేదాక యాపచెట్టు నీడకు కూసున్నం. నాలుకలు అంగిట్లకు అంటుకపోయినయ్. ఒక్కరు గూడ నీళ్ళ పేరెత్తలే. కట్టె ఉబ్బింది... పట్టా గట్టివడ్డది.

పొద్దుగూకక ముందే కృష్ణ కనవడ్డది. గన్ని నీళ్ళు... అమ్మ ఒడ్డుకాడ నిలవడి ఈ కొసకెల్లి ఆ కొసదాక జూసింది. మేం దూపకు ఉరుకుతుంటే "ఆగున్రి" అన్నది. చెంబు ముంచి తెచ్చి, ముందు గీర మీద పోసింది. గప్పుడు తాగినం.

రేవుకాడ బండ్లోళ్ళు గీరకేమైందని అడుగుతే బాపు చెప్పిందే చెప్పవట్టె... "నేను జూడలే. మా పిల్ల జూసింది." గా మాట ఇప్పటికి నా చెవులల్లనే ఉన్నది. గప్పటికెల్లి ఏ పయనానికైన బండి కట్టంగనే బాపు నన్ను పిలిచేది... "బిడ్డా, జూసినవా?" నేను రెండు గీరలు తట్టి "ఆఁ" అంటెనే ఎడ్లు కదిలేటియి.

మొన్న ఎండకాలం మా మనుమరాలు కారు కొన్నది. తనే నడుపుతది. ఇంటిల్లిపాదిని ఎక్కిచ్చుకొని సోమశిలకు తీస్కపోయింది... రెండు దినాల తొవ్వ రెండు గంటలల్ల. డ్యాం కట్టినంక గా పాత రేవు మునిగింది. గుళ్ళను తీసి పైన కట్టిన్రు. మా బండి నిలవడ్డ జాగ మీదికెల్లి ఇప్పుడు లాంచీలు పోతున్నయ్.

నేను బాటిల్ల కృష్ణ నీళ్ళు ముంచుకొచ్చి కారు ముందు టైరు మీద పోసిన. "గిదేందవ్వా, మల్ల బొట్టు గూడ వెడ్తవా?" అని నవ్వింది పిల్ల. గప్పుడు ఈ ముచ్చటంత చెప్పిన. నవ్వు ఆపి ఇన్నది.

మర్లేటప్పుడు అందరు ఎక్కిన్రు. పిల్ల మాత్రం కారు చాలు చెయ్యలే. అద్దం దించి, బయట నిలవడ్డ నన్ను అడిగింది...

"అవ్వా, జూసినవా?"

నాలుగు టైర్లు తట్టి, "ఆఁ" అన్నంకనే ఎక్కిన.

ఇప్పటి టైర్లకు దూపగాదు... తొవ్వల ఎవ్వరు దిగి పక్కపొంటి నడువరు. మరి మీ ఇండ్లల్ల పయనమంటె చాలు ఫికరువడేది ఎవరుండె? చెప్పుండ్రి, నేను సదువుకుంట. వాళ్ళు ఇంక ఉన్నరంటె, ఈ ఎండకాలం బండి తీసే ముందు ఒక్కసారి అడుగుండ్రి... జూసినవా అని.