ఆటో సుబ్బారావు సాక్ష్యం

నేను విజయవాడలో భౌతికశాస్త్రం బోధిస్తాను. ఆధారం లేనిదే ఏ మాటా నమ్మను. రెండేళ్ల క్రితం నా మిత్రుడు, కొండపల్లి బొమ్మల కళాకారుడు వెంకటరాజు గారికి ఢిల్లీలో జరిగే పోటీకి పిలుపు, విమానం టిక్కెట్టు వచ్చాయి. ఆయన ముందుజాగ్రత్తగా రైల్లోనూ బెర్తు తీసుకున్నారు.

"ఆ విమానాల కంపెనీ మూతపడుతుందంటండీ. మా ఆటో సుబ్బారావు రోజూ వాళ్ల సిబ్బందిని గన్నవరం దింపుతాడు. వాళ్లకి మూడు నెలలుగా జీతాల్లేవట. రైలెక్కెయ్యనా?" అని అడిగారు.

"ఆటో కబుర్లు ఆధారమవుతాయా రాజుగారూ?" అని నవ్వి, కంపెనీ వెబ్‌సైట్‌లోని ఖండన చదివి వినిపించాను. నా మాట మీద ఆయన బెర్తు రద్దు చేసుకున్నారు.

ప్రయాణం రోజున గన్నవరం విమానాశ్రయంలో ఆ కంపెనీ కౌంటరు మూసి ఉంది. సర్వీసులన్నీ ఆగిపోయాయి. ఇక ఏ రైలెక్కినా ఆయన పోటీ వేళకి చేరుకోలేరు. అంబారీ ఏనుగు బొమ్మను ఒళ్లో పెట్టుకుని, "మీరేం చేస్తారు లెండి, రాసున్నదే చదివారు" అంటూ ఆయన నన్నే ఓదార్చారు.

కళ్లారా చూసినవారు చెప్పిన మాటను ఆటోలో వచ్చిందని తోసేసి, మునుగుతున్న కంపెనీ తన గురించి తాను చెప్పుకున్నదాన్ని ఆధారమనుకున్నాను. రాజుగారికి క్షమాపణ చెప్పుకున్నాను. సుబ్బారావుకి మాత్రం ఇంకా చెప్పుకోలేదు; అతని ఆటో ఎక్కినప్పుడల్లా చిల్లర వద్దని దిగిపోతాను.