బండికి దారి, నాయనకు మెట్లు

ఆత్మకూరులో మా అన్న కట్టిన ఇల్లు రోడ్డుకు నడుమెత్తు పైన ఉంటుంది. మా ఊళ్లో ఇల్లు కట్టేవాళ్లకు ఇదొక పిచ్చి. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా దాని మీదే ఇంకో పొర పోస్తారు. పాత ఇళ్లు గుంతలో పడతాయి, వానొస్తే వీధి నీళ్లన్నీ నట్టింట్లోకే. అందుకని కొత్తగా కట్టే ప్రతివాడూ రేపు పెరగబోయే రోడ్డును తలుచుకొని పునాది లేపుతాడు. ఇంట్లోవాళ్ల వయసు కూడా పెరుగుతుందని మాత్రం ఒక్కడికీ తట్టదు.

గృహప్రవేశమైన మరుసటి ఏడాదే నాయనకు పక్షవాతం వచ్చింది. కుడికాలు ఈడ్చుకుంటూ, వాకర్ పట్టుకొని ఇంట్లో తిరిగేవాడు గానీ వాకిలి ముందున్న నిలువు మెట్ల దగ్గరకొచ్చేసరికి ఆగిపోయేవాడు. ఆయనకు కావలసింది ఒక్కటే. వీధి మలుపులో ఉన్న మా అంగడికి తనంతట తాను నడిచిపోయి కూర్చోవడం. బేరం చెయ్యడానికి కాదు, వచ్చేపోయే గిరాకీని పలకరించడానికి.

అన్న చెడ్డవాడేమీ కాదు. నాయన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, అంగట్లో మూటలు మోసే ఇద్దరు హమాలీల చేత పొద్దున దింపించి సాయంత్రం ఎక్కించేవాడు. వింజమూరులో ఉన్న అత్తగారింటి నుంచి నేను పోయిన రోజున అది కళ్లారా చూశాను. దించుతుంటే కుర్చీ పక్కకు ఒరిగింది. నాయన బెదిరిపోయి హమాలీ మెడ పట్టుకున్నాడు. రోడ్డున పోయేవాళ్లు నిలబడి చూశారు. నాకు ఏడుపొచ్చింది.

"ఇంక నన్ను మొయ్యబాకండిరా," అన్నాడు నాయన, కాళ్లు నేలకు ఆనగానే. "మనిషిని మోసుకుపొయ్యేది ఒక్కసారే. మీరు దినామూ మోస్తుండారు."

మెట్ల పక్కన మోటారుసైకిలు ఎక్కించడానికి పోసిన సన్నటి ర్యాంపును ఆయన అన్నకు చూపించాడు. "బండికి దారి పెట్టినావు గదరా. నాకు పెట్టాలని తోచలేదా?"

దాని మీద నడిపిద్దామా అంటే అది నిటారుగా ఉంది, బండే మూలుగుతూ ఎక్కుతుంది. మేస్త్రీని పిలిపించాం. తూర్పు గోడ వెంబడి పొడుగ్గా, మెల్లగా దిగేట్టు ర్యాంపు పోసి, రెండు పక్కలా ఇనప పైపులు పెడితే పెద్దాయన పట్టుకొని దిగొచ్చన్నాడు. అయితే అది ఈశాన్యం మూలకు వస్తుంది. అన్న మొహం మాడిపోయింది.

"ఈశాన్యంలో బరువు పెడితే ఇంటి పెద్దకు కీడు," అన్నాడు.

వాస్తు చూసినాయన చెప్పిన మాట అది. మా వ్యాపారస్తుల ఇళ్లల్లో బీరువా పెట్టే మూల నుంచి కాటా పెట్టే చోటు దాకా ఆ మాట దాటరు. నాకు ఒళ్లు మండింది.

"ఇంటి పెద్దను లోపలేసి గొళ్లెం పెట్టినట్టు కూర్చోబెట్టి, ఇంటి పెద్దకు కీడంటావేందన్నా? సిగ్గుండాల!"

అన్న చెప్పులేసుకొని అంగడికి వెళ్లిపోయాడు.

ఇక నాయన పంతం పట్టాడు. హమాలీలు వస్తే గడపలోంచే తిప్పి పంపించాడు. వసారాలో వీధివైపు ఉన్న కుర్చీని గోడవైపుకు తిప్పించుకున్నాడు. అన్నం సగంలోనే చెయ్యి కడుక్కునేవాడు. అన్న భోజనానికొచ్చి ఆయన వీపును చూస్తూ కూర్చునేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"ఎన్నాళ్లు ఆ గోడను చూస్తా కూర్చుంటావు నాయనా?"

"చూసేదానికి ఇంకేముండాది?"

మరునాడు ఇసుక ట్రాక్టరు వచ్చింది. ర్యాంపు ఈశాన్యం మూలనే పోశారు.

సిమెంటు ఆరి, పైపులు బిగించాక కబురు చేస్తే మళ్లీ పోయాను. నాయన ఉతికిన పంచె కట్టుకున్నాడు. అన్న ఆయన చంక కింద చెయ్యి వెయ్యబోతే "పట్టుకోబాక!" అని కసిరాడు. ఎడమచేత్తో పైపు పట్టుకొని, కాలు ఈడ్చుకుంటూ, మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ దిగాడు. అన్న వాకర్ పట్టుకొని ముందే పోయి కింద అందించాడు. ఇద్దరూ అంగడి వైపు పోతుంటే వదిన కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మేము లోపలికి తిరగబోతుంటే అమ్మ మమ్మల్ని పక్కకు జరగమంది. రెండు చేతులతో పైపు పట్టుకొని, పక్కవాటుగా ఒక్కో అడుగే వేస్తూ దిగడం మొదలుపెట్టింది.

"నువ్వెందుకత్తా? మామను ఆయన చూసుకుంటాడు గదా," అంది వదిన.

"మీ మామ కోసం కాదులే. ఈ ఇంట్లోకొచ్చినాక ఆ మెట్లు నేనెప్పుడు దిగినానే?"

వదినా నేనూ మొహాలు చూసుకున్నాం. ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు. నాయన్ను కనిపెట్టుకొని ఉండాలని గడప దాటడం లేదనుకున్నాం. అమ్మకూ మోకాళ్లున్నాయని ఇంటిల్లిపాదిలో ఎవరికీ తట్టలేదు.

"చెప్పొచ్చు గదమ్మా," అన్నాను.

"మీ నాయన అంత రచ్చ చేస్తే గదా ఇది పోసినారు. నేనడిగితే పోసేవాళ్లా?"

కోపంగా అనలేదు. కిందికి చేరాక చీర కుచ్చిళ్లు సర్దుకుంది. నాలుగిళ్ల అవతల తన ఈడుదే ఒకామె ఉంది. మెల్లగా ఆ ఇంటి దాకా నడిచి, వాకిట్లో నిలబడి గట్టిగా పిలిచింది.

"ఏమ్మే, ఉండావా లోపల? నేనే, వచ్చినాను."