మైకుగారి ఎడమవైపు

బస్టాండులో ఏళ్ల తరబడి బస్సుల రాకపోకలు చెప్పిన మనిషి కాబట్టి అందరూ అతన్ని మైకు అనేవారు. ఎదురుగా ఉంటే మైకుగారు, వెనకాల ఉత్త మైకు. అతనికి రెండూ పొగడ్తల్లాగే వినిపించేవి. ఆ గొంతులో గంట మోగేది, నిజమే. గంటకు బుర్ర కూడా ఉండాలని ఎవరూ అడగరు కదా. ఆ మధ్య బస్టాండువాళ్లు ఎవరో అమ్మాయి గొంతు రికార్డు చేయించి పెట్టుకుని అతన్ని ఇంటికి పంపేశారు. ఆనాటి నుంచి అతని మాట వినడానికి భార్యకు కూడా తీరిక లేకపోయింది. "ఇది బస్టాండు కాదు, ఒక్కసారి చెబితే చాలు" అనేది ఆవిడ. ఆ ఒక్కసారీ వినేది కాదు.

అతని అన్నయ్యది కళ్లజోళ్ల షాపు. ఆదివారం మధ్యాహ్నాలు షట్టరు సగం దించి, వెనక గదిలో, కంటి పరీక్ష అక్షరాల అట్ట కింద కూర్చుని అన్నయ్య ఒక ఆట నడిపేవాడు. బల్ల మీద గళ్లూ పావులూ ఉండవు. నడిపేవాడు చోటు చెబుతాడు: ఇదిగో గుహ, ఇదిగో తలుపు. ఆడేవాళ్లు తలా ఒక కల్పిత మనిషిని కాగితం మీద పెట్టుకుని, వాడేం చేస్తాడో చెబుతారు. సందేహం వచ్చిన చోట పాచికలు తేలుస్తాయి. అంతా పాత పద్ధతి. ఆటలో చచ్చినవాడు చచ్చినట్టే. నడిపేవాడు ఎవరినీ కాపాడడు, ఎవరినీ పనిగట్టుకుని చంపడు.

మైకు ఈ ఆటను ఏళ్లుగా వెక్కిరించాడు. "గాడిదల్లా ఎదిగి గుహల్లో దూరతారేంటి?" అనేవాడు. అన్నయ్యకు గొంతు ఆపరేషనై, కొన్నాళ్లు నోరు మెదపకూడదని డాక్టరు చెప్పగానే మాత్రం, ఎవరూ పిలవకముందే వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

"గొంతు కావాలి, అంతేగా! పాచికలు దొర్లించడానికి డిగ్రీలక్కర్లేదు" అన్నాడు.

అన్నయ్య ఒక చిన్న కాగితమ్ముక్క మీద రాసిచ్చాడు: 'వాళ్లు అడిగింది చెప్పు. తక్కువ మాట్లాడు.' మైకు దాన్ని టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు, బల్లకు మరక అంటకుండా.

నాలుగు మొహాలు కదలకుండా తనవైపు తిరిగి ఉంటాయి. లోకంలో అతనికి మిగిలిన బస్టాండు ఇక అదొక్కటే. అదీ చేజారితే గోడలకు చెప్పుకోవాలి. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. అందుకే మనుషుల మీద ఎంత చులకన ఉన్నా కుర్చీ చేతులు మాత్రం గట్టిగా పట్టుకున్నాడు.

మొదటి ఆదివారం శాపం తగిలిన ఒక రాజును రాసుకొచ్చాడు. ఆ రాజు గుహ గుమ్మంలోనే నిలబడి తన వంశచరిత్ర అందుకున్నాడు. ముత్తాత దాకా వచ్చేసరికి వదిన ఆవలించింది. ఆటలో వదిన మనిషి ఎలక అనే దొంగ. అన్నయ్య ఆట మొదలెట్టిన నాటి నుంచి చావకుండా మిగిలినవాడు వాడొక్కడే. ధైర్యంతో కాదు, అడిగి అడిగి బతికాడు.

"ముత్తాతగారి సంగతి సరే. గుహ పైకప్పు ఎంత ఎత్తు?" అంది వదిన.

"ఇప్పుడు పైకప్పెందుకు వదినా? రాజుగారు కన్నీళ్లు పెట్టుకుంటున్నారు."

"పెట్టుకోనీ. అక్కడ తాడేమైనా ఉందా?"

"తాడూ లేదు, తలకాయా లేదు! ముందు కథ వినండి."

"కథ వినడానికి మాకు రేడియో ఉందయ్యా మరిదీ."

పళ్ల డాక్టరమ్మ ఆటలో కత్తివీరుడు. ఆవిడ ఎంతో మర్యాదగా చెయ్యెత్తి, "నేను రాజుగారిని పొడుస్తాను" అంది. పాచిక వేస్తే అన్నిటికన్నా పెద్ద అంకె పడింది. రాజు వంశవృక్షం మధ్యలోనే కూలిపోవాలి. మైకు తన ముందు ఫ్రేముల డబ్బా మూత ఒకటి అడ్డం నిలబెట్టుకుని ఉన్నాడు. దాని వెనకాల ఏదో దొర్లించి, చూసీ చూడకుండానే "తగల్లేదు, రాజుగారు తప్పుకున్నారు" అన్నాడు. వదిన ఆ మూత వైపు ఒక చూపు చూసింది.

గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన, అనుకుంటూ ఇంటికెళ్లాడు మైకు. గాడిద లేని సామెత అతనికి గుర్తుండేది కాదు.

రెండో ఆదివారానికి ఆ డబ్బా మూత షాపులో ఎక్కడా కనపడలేదు. బల్ల మధ్యలో గిరాకీలకు కళ్లజోళ్లు పరిచి చూపించే మఖమల్ ట్రే ఉంది.

"పాచికలు ఇందులోనే మరిదిగారూ. అందరూ చూసేట్టు" అంది వదిన.

మైకు మింగలేక కక్కలేక ఒప్పుకున్నాడు. రాజును ఇంట్లో వదిలేసి, ఉత్త గుహ గీసుకొచ్చాడు. అతను చెబుతుంటే, ఆటలో దివిటీ మోసే కండక్టరు గళ్ల కాగితం మీద విన్నది విన్నట్టు గీస్తున్నాడు. ఒకప్పుడు అదే బస్టాండు నుంచి డ్యూటీ ఎక్కిన మనిషి అతను. మైకు గొంతు అతనికి కొత్త కాదు.

"ముందు పొడవాటి నడవా. ఎడమ గోడ వెంట నేల గట్టిగా ఉంది. కుడివైపు నేల గుల్ల" అన్నాడు మైకు.

"ఎడమేనా?" అంది వదిన.

"ఎడమే! గమనించగలరు, ఎడమ!"

వదిన కండక్టరు గీసిన పటం మీద ఎడమ గోడ పక్కన వేలు పెట్టింది. "ఎలక ఇదిగో, ఇక్కడ పాకుతున్నాడు."

మైకు ఆ పటాన్ని తిప్పి, రెండు గుమ్మాలూ కలిసేట్టు తన పటం పక్కన పెట్టుకుని చూశాడు. ఎలక ఉన్న చోట తను గీసుకున్న గొయ్యి ఉంది.

"పడ్డాడు" అన్నాడు, పాత బాకీ వసూలైనవాడిలా. పాచికలు ట్రేలో అందరి ముందూ దొర్లాయి. ఎలక చచ్చాడు.

అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"ఎడమ గట్టి అన్నావు కదయ్యా!"

"అన్నాను. గీసేవాడికి గీయడం రాకపోతే నేనేం చేసేది?"

"నేను ఎడమే గీశాను సార్" అన్నాడు కండక్టరు.

అప్పుడు అన్నయ్య లేచాడు. షట్టరు దాకా వెళ్లి, అక్కడి నుంచి తమ్ముడికి ఎదురుగా నడిచి వస్తూ ఎడమ చెయ్యి పైకెత్తాడు. ఆ చెయ్యి మైకు కుడిచేతి వైపున లేచింది. గుహలో దిగేవాళ్లు అతని కాగితం పైనుంచి కిందికి, అతనికి ఎదురుగా వస్తున్నారు. అతనేమో తన ఎడమను వాళ్ల ఎడమగా చెప్పేశాడు. లోకమంతా తన కుర్చీలోంచే చూస్తుందనుకునేవాడికి రెండో ఎడమ ఒకటుంటుందని ఎలా తోస్తుంది?

కండక్టరు పకపకా నవ్వాడు. "ఇప్పుడర్థమైంది సార్! టికెట్ల కౌంటరు ఎడమవైపు అని మీరు చెప్పినప్పుడల్లా జనం వెళ్లి మరుగుదొడ్ల ముందు క్యూ కట్టేవాళ్లు!"

వదిన నవ్వలేదు. ఎలక కాగితాన్ని మడిచి కళ్లజోడు డబ్బాలో పెట్టింది. "వస్తానమ్మా" అని డాక్టరమ్మ చెప్పులు వెతుక్కుంటోంది. కండక్టరు షట్టరు పైకెత్తడానికి వంగాడు. వీళ్లు వెళ్తే మళ్లీ రారు. అది గ్రహించడానికి మైకుకు కూడా బుర్ర అక్కర్లేకపోయింది. లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ప్రయాణికులకు ముఖ్య గమనిక. నడవాలో ఎడమ అని ప్రకటించబడినది కుడిగా గ్రహించగలరు. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

తప్పు దానంతటదే నడిచొచ్చి గుహలో పడుకున్నట్టు చెప్పాడు.

వదిన గుమ్మంలోనే ఆగింది. "చింతిస్తున్నాము అంటే ఎవరెవరు? నువ్వూ, ఇంకా ఎవరు?"

మైకు గది అంతా చూశాడు. సాక్షికి అక్షరాల అట్ట తప్ప ఎవరూ దొరకలేదు.

"నేనే" అన్నాడు. గంట మోగలేదు. పక్కింట్లో ఉప్పు అడిగే మనిషి గొంతులా ఉంది అది. "నేనే తప్పు చెప్పాను. గుమ్మంలోంచి చూస్తే కుడివైపే గట్టి. ఎలక పడలేదు."

కండక్టరు షట్టరు వదిలేశాడు. వదిన వచ్చి కూర్చుని, డబ్బాలోంచి కాగితం తీసి, మడతలు సాపు చేసింది.

"సరే. తాడుందా అక్కడ?"

మైకు నోరు తెరిచాడు. లోపలి నుంచి రాజుగారి ముత్తాత బయటికి రాబోయి ఆగినట్టున్నాడు. అతను తల వంచి తన పటం కేసి చూసుకున్నాడు.

"ఉంది" అన్నాడు. "పొట్టిది."

ఆ సాయంత్రం ఇంటికెళ్లి భార్యతో, "మొత్తానికి వాళ్లకు కుడి ఎడమలు నేర్పించొచ్చాను" అని చెప్పాడు. ఆవిడ ఎప్పటిలాగే వినలేదు.