నాగేంద్రమ్మ చేత టీ తాగించిన మనిషి

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కాకుమాను పొలాల్లో కూలి చేసే రోజుల్లో సమాధుల పక్క గట్టు మీదే తలకింద తువ్వాలు పెట్టుకుని పడుకునేవాణ్ణి. దోమలు లేపాయి గానీ దయ్యాలు ఎప్పుడూ లేపలేదు. కాబట్టి ఇది ఎవర్నీ భయపెట్టడానికి కాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తొంభైల నాటి సంగతి. అప్పుడు నేను మోర్మన్లనే క్రైస్తవ సంఘం తరఫున మిషనరీగా తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టూ తిరుగుతున్నాను. మాది తాతల నాటి నుంచి లూథరన్ కుటుంబం. నేను ఈ సంఘంలో చేరానని తెలిసి మా మేనల్లుడు, "ఉన్న గుళ్లో కూర్చోడానికి చోటు చాల్లేదా మామా?" అన్నాడు.

"చోటుంది రా, నాకు పనే లేదు" అన్నాను.

నిజంగా అంతే. నలభై దాటాక రాత్రిబడిలో పలక పట్టినవాణ్ణి. అలాంటి నాకు నలుగురి గుమ్మాల్లో వాక్యం చెప్పే పని దొరికింది. కొందరు తలుపులు వేసుకునేవాళ్లు. కొందరు కుక్కల్ని ఉసిగొల్పేవాళ్లు. అయినా సాయంత్రం తెనాలి గదికొచ్చి బూట్లు విప్పుతుంటే ఒళ్లు తేలిగ్గా ఉండేది. అంత సంతోషం నాకు పెళ్లినాడు కూడా లేదు. మా ఆవిడ బతికుంటే ఈ మాటకి తిట్టేది.

మా పనిలో ఇద్దరిద్దరుగా తిరగడం పద్ధతి. నాకు జతగా వచ్చింది సుధీర్. ఇరవై రెండేళ్లవాడు, కొల్లూరు కుర్రాడు. నేను మాట్లాడేవాణ్ణి, వాడు చదివేవాడు. నా చదువు అప్పటికింకా కూడబలుక్కునే చదువే.

నాగేంద్రమ్మ మాకు రేపల్లె సంతలో పరిచయం. నిజాంపట్నం నుంచి ఎండుచేపల గంప తెచ్చుకుని అమ్మేది. మా తెల్లచొక్కాలూ టైలూ చూసి, "ఏ మందుల కంపెనీ బాబూ మీది? మోకాళ్ల నొప్పులకేమన్నా ఉందా?" అంది.

మేం దేవుడి మాటలు చెప్పేవాళ్లమని సుధీర్ విడమరిచి చెప్పాడు.

"అయితే మాటలేగానీ మాత్రల్లేవన్నమాట" అంది. "నాకు మా గంగమ్మ తల్లి చాల్లే. ఎండన పడొచ్చారు, కూర్చోండి ముందు."

ఆ తర్వాత ఎప్పుడు కనబడినా అలాగే కూర్చోబెట్టేది.

ఒక వానాకాలం సుధీర్‌కి కామెర్లు వచ్చి బాపట్లలో ఆస్పత్రిలో పడ్డాడు. నేను వాడి మంచం పక్కనే ఉన్నాను. అప్పుడే నాగేంద్రమ్మ కోడలు కోటేశ్వరి కబురు పంపింది. సముద్రంలో పడవ తిరగబడిందట. మిగతావాళ్లు ఈదుకుని ఒడ్డున పడ్డారు. నాగేంద్రమ్మ ఒక్కగానొక్క కొడుకు మాత్రం రాలేదు, శవమూ దొరకలేదు. ఆ రోజు నుంచి ముసలావిడ గోడవైపు తిరిగి కూర్చుంది. ఎవరు చెప్పినా మెతుకు ముట్టదు, గుక్కెడు నీళ్లు మింగదు. మా అత్త మీ మాట వింటుందేమో, ఒకసారి రండి అని ఆ కబురు.

ఇద్దరుగా వెళ్లాలి. రెండోవాడు లేవలేడు. సుధీరే అన్నాడు: "మీరు వెళ్లండి బాబాయ్. నేను బాగయ్యేదాకా ఆవిడ ఆగుతుందా ఏంటి?"

బాపట్ల నుంచి రేపల్లె వెళ్లి, అక్కడ బస్సు మారి నిజాంపట్నంలో దిగాను. పట్టపగలు, ఎండ కాస్తోంది. ఒక్కణ్ణే దిగాను, ఒక్కణ్ణే నడిచాను. ఈ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు.

కోటేశ్వరిని అదే మొదలు చూడటం. వాకిట్లో రెండు కుర్చీలు వేసింది. ఇద్దరొస్తారని అత్త ఎప్పుడో చెప్పి ఉంటుందనుకున్నాను. మూడు గ్లాసుల టీ తెచ్చింది. ఒకటి నా పక్కన, ఒకటి రెండో కుర్చీ దగ్గర, ఒకటి అత్త ముందు పెట్టింది. మా సంఘంలో టీ తాగం. ఇంత దుఃఖంలో ఉన్న పిల్లకు ఆ సంగతి ఏం చెప్తాను? ఊరుకున్నాను.

నాగేంద్రమ్మ నావైపు తిరగలేదు. పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాను. మూడో వాక్యం దగ్గర చదువు ఆగింది. అక్షరాలు కనబడుతున్నాయి, మాట కావడం లేదు. ఇక నా వల్ల కాదని పుస్తకం మూసి, కళ్లు మూసుకుని, ఈవిడ బతకాలి, ఏదో ఒకటి చెయ్యమని దేవుణ్ణి అడిగాను.

కళ్లు తెరిచేసరికి నాగేంద్రమ్మ ఇటు తిరిగి ఉంది. గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని టీ తాగుతోంది. నా గ్లాసు నిండుగా ఉంది, పైన మీగడ కట్టింది. రెండో కుర్చీ దగ్గరి గ్లాసు ఖాళీగా ఉంది, అడుగున మడ్డి తప్ప ఏమీ లేదు.

కోటేశ్వరి గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకుంటోంది. "ఆ పెద్దాయన పుణ్యమండి" అంది.

"ఏ పెద్దాయనమ్మా?"

"మీతో వచ్చినాయనండి. 'నువ్వు తాగితేనే నేను తాగుతానమ్మా, నా టీ చల్లారుతోంది' అన్నారు. అత్త అప్పుడు గ్లాసు తీసింది. మీరు ప్రార్థనలో ఉన్నారని మిమ్మల్ని కదపలేదండి. ఇప్పుడే అటు రేవు వైపు వెళ్లారు."

ఎలా ఉన్నాడని అడిగాను. తెల్లచొక్కా, నెరిసిన జుట్టు, మీకంటే పెద్దాయనే అంది. నా ముందు ఎవరూ మాట్లాడిన చప్పుడు నాకు వినబడలేదు. నాకు చెవుడు లేదు.

రేవు వైపు వెళ్లాను, ఇందాక బస్సు దిగి వచ్చిందీ ఆ దారినే. దారిలో ఇసుక మీద చేపలు ఆరబెట్టే ఆడవాళ్లు ఉన్నారు. తెల్లచొక్కా ఎక్కడా కనబడలేదు. నేనింకా అడగకముందే వాళ్లలో ఒకామె, "ఇందాక ఇద్దరు పోయారు గదయ్యా, ఒక్కరే వస్తున్నారేంటి?" అంది.

తిరిగి బాపట్ల వచ్చి సుధీర్‌కి అంతా చెప్పాను. వాడు మంచం దిగలేదు కదా అని నర్సమ్మనూ అడిగాను. వాడు పచ్చటి కళ్లతో నవ్వి, "ఎవరైనా గానీ మన సంఘం మనిషి మాత్రం కాదు బాబాయ్. టీ తాగాడంటున్నారుగా" అన్నాడు. నేనూ నవ్వాను.

నేను అన్ని విధాలా ఆలోచించాను. కోటేశ్వరే ఆ టీ తాగి మరిచిపోయిందా? అడిగితే, తను ఆ గుమ్మం దాటలేదంది. దుఃఖంలో లేనిది కనబడిందా? మరి చేపలు ఆరబెట్టే ఆడవాళ్లకు ఏ దుఃఖం? నాగేంద్రమ్మా ఆ పెద్దాయనే తాగించాడంది. అబద్ధమాడిందా అంటే, ఆవిడ తూకంలో తప్ప ఎక్కడా అబద్ధమాడే మనిషి కాదు.

ఆవిడ ఆ పూట టీ, మర్నాడు గంజి తాగింది, ఆ తర్వాత అన్నం తిన్నది. మళ్లీ గంప ఎత్తింది. కొడుకు మాత్రం రాలేదు. మా సంఘంలో చేరమని నేను అడగలేదు, ఆవిడా చేరలేదు. ఒకసారి సంతలో నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"ఆయనది ఏ ఊరు తమ్ముడూ?"

"నాకు తెలీదమ్మా."

"నీ పక్కనే కూర్చున్నాడు గదా, అడగలేకపోయావా" అని కసిరింది.

ఆ ఇంటికి పిలిచింది నన్ను. పని చేసింది ఇంకొకరు. దానికి నాకు చిన్నతనం లేదు. ఆవిడ లేచి తిరిగింది, నాకు అదే చాలు. ఆయన ఎవరో ఈనాటికీ నాకు తేలలేదు. తెల్లవారి ప్రార్థనలో మేలు చేసినవాళ్లందర్నీ పేరుపేరునా తలుచుకుంటాను. ఆయన దగ్గరికొచ్చేసరికి ఆగిపోతాను. పేరు లేకుండానే కృతజ్ఞత చెప్పి లేస్తాను.