బావికి పెట్టిన ఎర్ర గుర్తు

ఈ మాట చాలా ఏళ్ళుగా నా గొంతులోనే ఉంది. లోపలికి దిగదు, బయటికి రాదు. అన్నం తింటున్నప్పుడు ఉంటుంది. బస్సులో కూర్చున్నప్పుడు ఉంటుంది. ఎవరైనా మంచినీళ్ళు ఇస్తే మరీ ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్ళయితే "పోనీలే, నీ తప్పేముంది" అనేస్తారు. ఆ మాట నాకు వద్దు.

నాకు అక్షరాలు వచ్చింది ముప్పై దాటాక. మాది పెదపారుపూడి దగ్గర చిన్న ఊరు. భర్త పోయి, పుట్టింట్లో ఒక మూల బతుకుతున్న రోజుల్లో పెద్దవాళ్ళ కోసం పెట్టిన బడికి వెళ్ళాను. చదువు మీద ప్రేమతో కాదు. ఇంట్లో ఉండలేక. అక్షరాలు మెల్లగా వచ్చాయి గాని, గీత మాత్రం వెంటనే కుదిరింది. చిన్నప్పటినుంచీ ముగ్గులు పెట్టిన చెయ్యి కదా. ఆ చెయ్యి చూసే నన్ను గుడివాడలో గోడపటాలు వెయ్యడం నేర్చుకోమని పంపారు. చదువు రానివాళ్ళకి ఆరోగ్యం గురించీ పంటల గురించీ బొమ్మలతో చెప్పడానికి అప్పట్లో పల్లెలకి మనుషుల్ని పంపేవారు.

అక్కడ మాకు నేర్పిన మాస్టారు చెప్పినవన్నీ నాకు ఇంకా గుర్తే. ఒక పటంలో ఒకే మాట ఉండాలి. ముఖ్యమైనదాన్ని పెద్దగా వెయ్యాలి. అక్కర్లేని గీత ఒక్కటి కూడా ఉండకూడదు. పటంలో ఏ గుర్తు పెడితే అసలు వస్తువు మీదా అదే గుర్తు పెట్టాలి. ఎరుపు అంటే అపాయం, రైలుని ఆపేది ఎర్రజెండానే కదా అని స్టేషను వైపు చెయ్యి చూపించేవారు. "పక్కన నిలబడి నోటితో చెప్పాల్సి వస్తే ఆ పటం ఓడిపోయినట్టే" అనేవారు. చిందరవందరగా ఉన్న సంగతిని ఒక్క చూపులో తెలిసేలా అమర్చవచ్చని అంతకుముందు నాకు ఎవరూ చెప్పలేదు. నా బతుకులో నాకంటూ దొరికిన మొదటి విద్య అది. దాని మీద నాకు గర్వం ఉండేది. ఎంత గర్వమో ఇప్పుడు తెలుస్తోంది.

బందరులో ఉద్యోగం. ఒక ఏడు వానలకి కాలవ పొంగి, దివిసీమలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. హంసలదీవి దాపున ఉన్న ఒక వేటపల్లెకి నన్నూ, మా పై అధికారిణినీ పంపారు. అక్కడ రెండే బావులు. ఇళ్ళ మధ్య ఒకటి, దూరంగా తాటితోపులో ఒకటి. ఇళ్ళ మధ్య బావిలోకి కాలవనీళ్ళు వచ్చిపడ్డాయి. వాసన వేస్తోందని పల్లెవాళ్ళే దాన్ని కొన్నాళ్ళుగా ముట్టడం లేదు. ఆరోగ్యశాఖ మనిషి వచ్చి రెండింటిలోనూ నీళ్ళు చూసి, తోపులోది మంచిది, ఇళ్ళ మధ్యది వాడొద్దు అని మాకు చెప్పి, పడవెక్కి వెళ్ళిపోయాడు. ఆ సంగతి పల్లెకి చెప్పే పని నాది.

పటం వేశాను. పల్లె, ఇళ్ళు, రెండు బావులు. చెడ్డబావి మీద గుండ్రంగా ఎర్ర గుర్తు. మంచిబావి మీద ఏమీ లేదు, అక్కర్లేని గీత ఉండకూడదు కదా. వలలు ఆరేసే పాక గోడకి పటం తగిలించాను. తరవాత అదే ఎర్రరంగుతో చెడ్డబావి గట్టు మీదా గుండ్రంగా గుర్తు వేశాను. అరచేతంత.

మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. మా వైపు బావి పూడిక తీసి శుద్ధి చేశాక, మొదటి చేద వెయ్యబోయే ముందు గట్టుకి పసుపు రాసి కుంకుమబొట్టు పెడతారు. ఇక నీళ్ళు తోడుకోవచ్చని దాని అర్థం. నాకు తెలియదా? మా అమ్మ పెట్టడం చూశాను. పెళ్ళయిన కొత్తలో నేనూ పెట్టాను. కాని కుంకుమభరిణె ముట్టి ఏళ్ళయింది. నా చేతిలో ఉన్నది నాకు రంగు మాత్రమే. నిజంగా అలాగే అనుకున్నానా? లేక ఇప్పుడు అలా అనుకుంటే కాస్త తేలికగా ఉంటుందనా?

ఎందుకంటే నన్ను ఒక మనిషి అడిగింది. అడిగింది.

ఆమె పేరు నాంచారమ్మ. పెద్ద వయసు, పెద్ద గొంతు. చంకలో మనవరాలు. మగవాళ్ళు వేటకి వెళ్ళారు. ఆడవాళ్ళంతా ఆమె వెనక నిలబడి నా పని చూస్తున్నారు.

"ఏమ్మోయ్ పంతులమ్మా! మా బావికి బొట్టెట్టావు, బాగానే ఉంది. తోపులో బావేం పాపం చేసిందమ్మా, ముండమోసినదానిలా బోసిగా వదిలేశావు?" అంది.

అందరూ గొల్లున నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఆమె నా నుదురు చూసింది. నాలుక కరుచుకుంది.

"అయ్యో తల్లీ, నిన్ను కాదమ్మా. నా నోరు పడ."

ఆ క్షణంలో నాకు అంతా తెలిసింది. వాళ్ళకి ఆ గుర్తు ఏమని కనిపిస్తోందో తెలిసింది. ఒక్క మాట చాలు. "అది బొట్టు కాదు పిన్నీ, ఆ నీళ్ళు తాగకండి." అంతే. కాని నుదురు మండిపోతోంది. కాస్త దూరంలో, పాక నీడన, మా అధికారిణి నిలబడి మా వైపే చూస్తోంది. పటం తగిలించినప్పటి నుంచీ, చాలా స్పష్టంగా ఉందని నన్ను మెచ్చుకుంటూనే ఉంది. ఇప్పుడు నోరు విప్పితే నా పటం ఓడిపోయినట్టే.

"పటం ఉంది కదా. కళ్ళున్నాయిగా, చూసుకోండి" అన్నాను. రంగుడబ్బా తీసుకుని పడవ వైపు నడిచాను.

కొన్ని రోజులకి మేము మళ్ళీ వెళ్ళేసరికి ఎర్ర గుర్తు చుట్టూ పసుపు రాసి ఉంది. పైన బంతిపువ్వు. గట్టు తడిగా ఉంది, చేద తాడు తడిగా ఉంది. జబ్బు చాలా ఇళ్ళకి పాకింది. కొందరు కోలుకున్నారు. నాంచారమ్మ మనవరాలు కోలుకోలేదు.

మా అధికారిణి నన్ను అడిగింది, "పటం ఏంటో వాళ్ళకి చెప్పావా?" అని. చెప్పానండి, వాళ్ళే వినలేదు అన్నాను. పాక ముందు, అందరూ వింటుండగా అన్నాను. ఎవరూ కాదనలేదు. నాంచారమ్మ కూడా కాదనలేదు. చదువుకున్నదాన్ని నేను చెప్పే ఉంటాననీ, తనకే బుర్రకెక్కలేదనీ నమ్మేసింది. బావికి పసుపు రాసిందీ, మొదటి చేద వేసిందీ ఆమే. కొడుకు ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఆమె నా చేతులు పట్టుకుని, నీ మాట వినకపోతిమి తల్లీ అని ఏడ్చింది. నేను చేతులు విడిపించుకోలేదు. నోరూ విప్పలేదు. ఆమె కన్నీళ్ళు నా వేళ్ళ మీద ఆరిపోయేదాకా అలాగే నిలబడ్డాను.

ఆ రోజే ఎర్ర గుర్తు మీద తారు పూశాను. కొత్త పటం వేశాను, చెడ్డబావి పక్కన వాంతి చేసుకుంటున్న పిల్ల బొమ్మతో. ఈసారి ప్రతి ఇంటికీ వెళ్ళి నోటితో చెప్పాను. ఎందుకు మార్చావని ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని భయపడ్డాను. అడిగితే బాగుండునని కూడా అనిపించింది. రెండూ నిజమే.

తరవాత ఎన్నో పటాలు వేశాను. బాగున్నాయన్నారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళని నా దగ్గరికి పంపారు. పటం వేశాక ముందు ఆ ఊరివాళ్ళని ఏం కనిపిస్తోందో అడగమని వాళ్ళకి చెప్పేదాన్ని. ఈ సంగతి మీకెలా తెలిసింది అని ఒక అమ్మాయి అడిగితే, అనుభవం అన్నాను.

మొన్న చలికాలంలో ధైర్యం చేసి ఆ పల్లెకి వెళ్ళాను. నాంచారమ్మ లేదు, పోయి చాలా కాలమైందన్నారు. కోడలు కూర్చోమని పీట వేసింది. లోటాతో నీళ్ళు ఇచ్చింది. ఆ పిల్ల తల్లి ఆమే. ఆమెకైనా చెప్పవచ్చు. "ఎన్నాళ్ళకి వచ్చారండీ" అని ఆమె నవ్వింది. నీళ్ళు తాగి లేచి వచ్చేశాను.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. దీనివల్ల ఎవరికీ ఏమీ తిరిగి రాదు. ఆ కొడుకు తల్లితో మాట్లాడడు. ఆ పిల్ల పెరగదు. మీరు నన్ను క్షమించగలిగినవాళ్ళు కాదు, నేను అడగడమూ లేదు. ఒక పటంలో ఒకే మాట ఉండాలన్నారు మాస్టారు. ఇంత రాసిన తరవాత చూసుకుంటే, నా దగ్గరా ఉన్నది ఒక్కటే మాట.

నాంచారమ్మ వినకపోవడం కాదు. ఆమె అడిగింది. నేను విన్నాను.