వెనక్కి ఎక్కిన కారు

1961 చలికాలం. జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కన నాకో రేకుల షెడ్డు ఉండేది. లారీలకు క్లచ్ ప్లేట్లు మార్చడం, కారిపోయే రేడియేటర్లు అతకడం నా పని. ఇంజను విప్పి మళ్ళీ బిగించగల మిస్త్రీని ఊళ్ళో నేనొక్కడినే. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం అన్నట్టు, నా అంత పనివాడు హైదరాబాదులో కూడా ఉండడని అప్పట్లో నా నమ్మకం. ఆ నమ్మకాన్ని ఒక పెద్దావిడ ఏ నొప్పీ తెలియకుండా దించేసింది. ఆమెను తలుచుకున్నప్పుడల్లా చేతులెత్తి దండం పెట్టబుద్ధేస్తుంది.

కోహీరు దారిలోని ఒక పల్లె నుంచి వీరారెడ్డి పటేలు పాత కారుకు ఎడ్లను కట్టి మా షెడ్డుకు లాక్కొచ్చాడు. ముప్పై ఏళ్ళ కిందట వాళ్ళ నాయన కొన్న కారు అది. గుడ్డ టాపు, ముందర ఇత్తడి దీపాలు. ఆయన పోయాక కొట్టంలో పడి ఉంది, సీట్ల కింద ఎలుకలు కాపురం పెట్టాయి. పటేలు దాన్ని తుక్కుకు అమ్మేద్దామనుకుంటే తల్లి రుక్కమ్మగారు అడ్డుపడింది. ఒక్కసారి బాగు చేయించు, నన్ను కోహీరు దాకా తిప్పుకురా, తర్వాత నీ ఇష్టం అందట. పటేలు సరేనని నాకు మాత్రం ఖచ్చితంగా చెప్పాడు.

"ఎడ్లతోటి మళ్ళ గుంజాల్సి వస్తె ఇగ ఉంచ, సామేలు. తుక్కాయనకు సోమారం రమ్మని చెప్పిన."

ఇంజను సులువుగానే లొంగింది. ఏడిపించింది పెట్రోలు టాంకు. తుప్పుపట్టి జల్లెడయింది. చిల్లులన్నీ సాల్డరింగ్ చేశాను, అంటే సీసం కరిగించి పూడ్చాను. ఆ రకం పాత కార్లలో పెట్రోలుకు పంపు ఉండేది కాదు. టాంకు ముందు సీటు కింద ఉంటుంది. అందులోంచి పెట్రోలు నీళ్ళలాగా పల్లానికి పారి, ముందున్న కార్బురేటర్‌కు చేరుతుంది. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించేది కార్బురేటర్. కొత్తగా అతికిన టాంకును వెంటనే నింపకూడదని మా మిస్త్రీల ఆనవాయితీ. కొంచెం పోసి, ఒక రోజు తిప్పి, అతుకులు చెమ్మగిల్లుతున్నాయో లేదో చూడాలి. నేనూ అలాగే పావువంతు పోసి బయల్దేరాను. అది ఆదివారం. చర్చి మానేసి వెళ్ళావు కాబట్టే అలా అయిందని మా ఆవిడ తర్వాత చాలా రోజులు దెప్పింది.

పటేలు ఇంటి నుంచి నేను నడుపుతున్నాను, పటేలు నా పక్కన, వెనక సీట్లో రుక్కమ్మగారు ఒక్కతే. సైకిలు వాళ్ళు మమ్మల్ని దాటిపోతున్నారు. ఎర్రమట్టి దారికి రెండు పక్కలా జొన్న పాలకంకుల మీద ఉంది. మంచెల మీంచి పిట్టలను కొట్టేవాళ్ళు వడిసెలలు ఆపి మమ్మల్నే చూశారు. ఒక చేను దగ్గర కంకులు కాలుస్తుంటే రుక్కమ్మగారు కారు ఆపించింది. వేడి గింజలు నలుపుకుని తింటూ, కారు కొన్న కొత్తలో తనకు గడప దాటే వీలుండేది కాదని చెప్పింది. కారుకు పరదాలు కట్టేవాళ్ళట. ఊరి పొలిమేర దాటగానే భర్తే దిగి వాటిని పైకి చుట్టేవాడట.

"పని లేని తిరుగుడు అని ఊరంత నవ్విన్రు. నాకైతె అదే పండుగ."

కోహీరుకు ముందు ఒక ఎర్రమట్టి గడ్డ వస్తుంది. నిటారుగా ఎక్కాలి. సగం ఎక్కేసరికి ఇంజను దగ్గి ఆగిపోయింది. వెనక్కి దొర్లించి చదునులో హ్యాండిల్ తిప్పితే బుద్ధిగా స్టార్టయింది. మళ్ళీ ఎక్కించాను, మళ్ళీ అక్కడే ఆగింది. కార్బురేటర్ విప్పి ఊదాను. ప్లగ్గులు తుడిచాను. మూడోసారీ అంతే. పటేలు పక్క చేలో మనిషిని పిలిచి ఎడ్లను తోలుకురమ్మని పంపాడు. రుక్కమ్మగారు కారు తలుపు మీద చెయ్యి వేసి మెల్లగా నిమురుతోంది. నాకు తల కొట్టేసినట్టయింది.

కాసేపటికి ఆమె నన్ను పిలిచింది.

"బిడ్డా, ఈ గడ్డ ముంగటికి ఎన్నడు ఎక్కలె. మా ఆయన బండి మర్ర తిప్పి, వెనుకకు ఎక్కిస్తుండె."

ఈ పెద్దమ్మ నాకు పని నేర్పుతుందా అని లోపల చిరాకు పడ్డాను. అయినా ఎందుకమ్మా అలా అని అడిగాను.

"వెనుకకు పోతె కింద పొలాలన్ని నా ముంగటనే కానొస్తయి గద. నాకు చూపెట్టనీకె."

నవ్వొచ్చింది. కార్బురేటర్ తుడుస్తున్న నా చెయ్యి మరుక్షణమే ఆగిపోయింది. కారు ముక్కు పైకెత్తితే కార్బురేటర్ కూడా పైకి లేస్తుంది. టాంకులో ఉన్నది అడుగున కాసింత. అది ఎదురెక్కి ఎలా పారుతుంది? తిప్పి ఎక్కిస్తే టాంకు మీదికి, కార్బురేటర్ కిందికి. ఇంత చిన్న సంగతి తట్టక కార్బురేటర్ విప్పాను, ప్లగ్గులు తుడిచాను.

కారు తిప్పాను. మెడ వెనక్కి తిప్పుకుని రివర్సులో ఎక్కించాను. ఒక్క దగ్గు లేకుండా ఎక్కింది. కింద చేలు ఒకదాని వెనక ఒకటి పరుచుకుంటుంటే, రుక్కమ్మగారు అదిగో మన బావి, అదిగో కందిచేను అని కొడుకు భుజం తట్టి చూపించింది. ఎడ్లు వచ్చి గడ్డ కింద నిలబడేసరికి మేము పైన ఉన్నాం. పటేలు మొదటిసారి నవ్వాడు.

ఇంజను చల్లారేలోగా పటేలును పక్కకు పిలిచి నా తెలివి ప్రదర్శించాను. మీ నాయన పెట్రోలు తక్కువైనప్పుడు అలా ఎక్కించి ఉంటారు, పాపం అమ్మ తన కోసమే అనుకున్నారు అన్నాను. పటేలు తల అడ్డంగా ఊపాడు.

"మా నాయన టాంకి నిండ పోపియ్యంది ఇల్లు కదలకపోతుండె, సామేలు. ఎప్పటికి గంతే."

నిండు టాంకుతో ఆ గడ్డ ముందుకే ఎక్కుతుంది, ఇబ్బందే లేదు. ఆయన మెడ నొప్పి పెట్టుకుని వెనక్కి ఎక్కించింది నిజంగా ఆమె కోసమే. ఆమెకు ఆ సంగతి మొదటి నుంచీ తెలుసు. తెలియనిది నాకే.

సోమవారం వచ్చిన తుక్కాయన ఉత్త చేతులతో వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఏ బండి వచ్చినా, బానెట్ ఎత్తే ముందు అందులో కూర్చునేవాళ్ళను నాలుగు మాటలు అడగడం అలవాటు చేసుకున్నాను. నా షెడ్డు నిలబడింది సగం ఆ అలవాటు వల్లే. అది రుక్కమ్మగారు పెట్టిన భిక్ష.

ఆమె ఉన్నన్నాళ్ళూ ప్రతి చలికాలం ఆ కారులో ఆమెను తిప్పాను. అతుకులు గట్టిగా నిలిచాయి కాబట్టి ప్రతిసారీ టాంకు నిండా పెట్రోలు పోయించేవాణ్ణి. ఆ గడ్డ దగ్గరికి రాగానే కారు తిప్పేవాణ్ణి.